మన్యపు బడిపంతుళ్లు – పదవీ విరమణ తరువాత

శతవార్షికోత్సవ సంచికలలో బిషప్పులను గూర్చి, మిషనరీ దొరలను గూర్చి, దేవాలయాలు కట్టించిన దాతలను గూర్చి వ్రాసేవారు చాలామంది ఉంటారు. అది న్యాయమే. కాని తూర్పు కనుమలలో అరకులోయ మొదలుకొని పాడేరు, చింతపల్లి వరకు, అటు సాలూరు, పార్వతీపురం కొండల వరకు పల్లెల చరిత్రను వ్రాయబూనితే, దాదాపు ప్రతి పల్లెలోను ఒక బడిపంతులు పేరు వినబడుతుంది. ఆయన బలపం పట్టించిన పిల్లలే తరువాత సంఘ పెద్దలయ్యారు, గుమాస్తాలయ్యారు, నర్సులయ్యారు, తిరిగి ఉపాధ్యాయులయ్యారు. బడిలో ఉన్నంతకాలం ఆయనను అందరూ ఎరుగుదురు. బడి నుండి దిగిపోయిన తరువాత ఆయన ఏమయ్యాడు, ఎలా బ్రతికాడు, ఎవరితో కూర్చున్నాడు అనే సంగతి వ్రాసినవారు తక్కువ. ఆ సంగతినే సంఘస్థుల ముందు ఉంచదలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

పదవీ విరమణను గూర్చి పరిశుద్ధ గ్రంథంలో ఒక స్పష్టమైన నియమం ఉన్నదని చాలామంది గమనించరు. సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయము చివర లేవీయులు ఇరువది అయిదేండ్ల వయస్సున సేవకు రావలెననియు, ఏబది యేండ్లకు ఆ పని మానవలెననియు ఏర్పాటు కనబడుతుంది. అయితే మానినవాడు ఇంటికి వెళ్లి కూర్చోడు. గుడారము దగ్గర తన సహోదరులకు తోడుగా ఉండి కాపాడే పని అతనికి మిగిలి ఉంటుంది. మోత తప్పింది గాని కావలి తప్పలేదు. మన మన్యపు ఉపాధ్యాయుల విశ్రాంత జీవితాన్ని కొలవడానికి ఇంతకంటె తగిన కొలబద్ద నాకు దొరకలేదు.

కొండ ఎక్కిన మొదటి బడి

1839లో ఇంగ్లీషు ప్రభుత్వం చేసిన 24వ చట్టం ద్వారా గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పాలన నుండి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా నియమించి ఆయన చేతిలో పెట్టారు. ఏజెన్సీ అనే మాట మనకు అలా వచ్చింది. పాలన వేరైంది గాని బడులు రాలేదు. మైదానంలో గ్రామానికొక వీధిబడి ఉన్న రోజులలో కూడా కొండ మీద అక్షరం అంటే షావుకారు చేతిలోని కాగితమే. ఆ కాగితం మీద ఏమున్నదో చదవగలిగిన మనిషి ఊరిలో ఒక్కడూ ఉండేవాడు కాడు.

ఆ లోటును పూడ్చడానికి వచ్చినవారిలో మిషను ఉపాధ్యాయులు ముందువరుసలో ఉన్నారు. గోదావరి వైపు దుమ్ముగూడెంలో 1860లో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని ఆరంభమైంది. మన విశాఖ, జయపురం కొండలకు 1882లో జర్మనీ దేశపు బ్రెక్లుమ్ నుండి లూథరన్ మిషనరీలు వచ్చారు. కోరాపుట్, సాలూరు, పార్వతీపురం వంటి స్థలాలు వారి కేంద్రాలయ్యాయి. దొరలు గుర్రం మీద పల్లెలు చుట్టి వెళ్లేవారు. పల్లెలో కాపురముండి పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు ప్రార్థన, రాత్రి జబ్బుపడినవారికి క్వినైను, ఇన్ని పనులు చేసినవాడు ఉపదేశియైన ఉపాధ్యాయుడు. పాకబడే ఆయన ఇల్లు, అదే ప్రార్థనా స్థలం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ప్రభుత్వం జర్మను మిషనరీలను నిర్బంధించి, తరువాత దేశం దాటించింది. అప్పుడు బడులు, సంఘాలు నిలిచింది స్థానిక సేవకుల వలన, ఇతర లూథరన్ మిషనుల తోడ్పాటు వలన. ఆ సేవకుల పేర్లు మన పాత రిజిస్టర్లలో బాప్తిస్మపు వరుసల ప్రక్కన చిన్న సంతకాలుగా మాత్రమే మిగిలాయి.

వారి వృద్ధాప్యం ఎలా గడిచింది? 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత మిషను బడులకు ప్రభుత్వ గ్రాంటు వచ్చే ఏర్పాటు జరిగింది. గ్రాంటు ఉంటే జీతం, తగ్గితే కోత. 1871 నాటి పింఛను చట్టం మాట ఎలా ఉన్నా, సర్కారు కచేరీలో పనిచేసిన బంట్రోతుకు ఉండే నిబ్బరం పాకబడి పంతులుకు లేదు. కన్ను మందగించి, కొండ ఎక్కలేని వయస్సు వచ్చినప్పుడు ఆయనకు ఆధారం మూడే: కన్న బిడ్డలు, పాత శిష్యులు, సంఘపు కానుక. శిష్యులు తెచ్చే చోళ్లు, కందులు, గుమ్మడికాయలే ఆయన పింఛను. అది ప్రేమతో ఇచ్చినదే కాని, ప్రేమ మీద మాత్రమే ఆధారపడిన ముసలితనం ఎంత బరువైనదో ఆ ఇళ్ల పిల్లలకు తెలుసు.

పదవి దిగిన తరువాత పెద్ద పని: గిడుగు వారి ఉదాహరణ

విశ్రాంత ఉపాధ్యాయుడు అనగానే మన తూర్పు కనుమలు తలచుకోవలసిన మొదటి పేరు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిది. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినా ఆయన చరిత్ర లేకుండా కొండబడుల చరిత్ర పూర్తి కాదు.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించారు. 1880లో, పదిహేడేళ్లు నిండకముందే, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. సంతకు దిగివచ్చే ఆ ప్రజల భాష ఊరివారికి తెలియదు. ఊరివారి భాష వారికి తెలియదు. మధ్యలో తూకంలోను, లెక్కలోను నష్టపోయేది సవరలే. రామమూర్తి పంతులుగారు సవర, తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంట్లోనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. ఆ రోజులలో అగ్రవర్ణపు ఇంట్లో సవరలను కూర్చోబెట్టి అన్నం పెట్టడమంటే చిన్న సంగతి కాదు. సవర భాషలో పాఠ్యపుస్తకాలు వ్రాసి, స్వంత సొమ్ముతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి సవరలకు సవరలోనే చదువు చెప్పించారు. అడవులు తిరిగి తెచ్చుకున్న మలేరియాకు మింగిన క్వినైను వలననే ఆయనకు చెవుడు వచ్చిందని చెబుతారు.

1911లో ఆయన ఉద్యోగం నుండి విరమించుకున్నారు. అంటే అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. లేవీయుల లెక్కకు దాదాపు సరిగా సరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే మంచి పంతులుగారని పర్లాకిమిడివారు చెప్పుకునేవారు, అంతే. కాని లోకానికి తెలిసిన గిడుగు రామమూర్తి అంతా ఆ తరువాతి ఇరవై తొమ్మిదేళ్లలోనే ఉన్నాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం, 1919లో నడిపిన ‘తెలుగు’ పత్రిక, ఊరూరా తిరిగి చేసిన ఉపన్యాసాలు, చాలావరకు పదవి దిగిన తరువాతి పనులే. సవర భాషకు వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను అచ్చయ్యేనాటికి ఆయన వృద్ధులు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, యాభై ఏళ్లకు పైగా కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఈ రోజు మనం ప్రసంగాలలో, పత్రికలలో మాట్లాడే తెలుగునే వ్రాయగలుగుతున్నామంటే అందులో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని కష్టం ఉన్నది. ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునేటప్పుడు ఆయన సవర బడులను కూడా తలచుకోవాలి. పెద్దల భాషను సామాన్యుని నోటికి దగ్గర చేయాలన్న పట్టుదల, కొండవాని నోటి మాటను గౌరవించిన మనస్సు, ఆ ఇద్దరూ ఒక్కరే.

స్వాతంత్ర్యం తరువాతి కొండబడులు

గోండుల మధ్య 1943లో హైదరాబాదు సంస్థానంలోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండు పిల్లవానికి గోండు పంతులే చెప్పాలన్నది దాని ఉద్దేశం. మన వైపు అటువంటి ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 1956లో దేశమంతటా గిరిజన ప్రాంతాలలో ప్రత్యేక బహుళార్థసాధక బ్లాకులు తెరిచినప్పుడు అరకు కూడా వాటిలో ఒకటి. అయిదవ పంచవర్ష ప్రణాళిక కాలంలో గిరిజన ఉప ప్రణాళిక, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు వచ్చాయి. ఏకోపాధ్యాయ పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు పెరిగాయి. వీటిలో పని చేయడానికి మైదానం నుండి వందలాది యువకులు కొండ ఎక్కారు.

వారిలో చాలామంది ఆ రోజులను ఇప్పటికీ కథలుగా చెబుతారు. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గం 1960ల చివరలో గాని రాలేదు. అంతకుముందు శృంగవరపుకోట దాటిన తరువాత ఘాట్ రోడ్డు, ఆ పైన కాలిబాట. వానాకాలంలో గెడ్డ పొంగితే జీతానికి దిగిన పంతులు అవతలి ఒడ్డునే ఆగిపోయేవాడు. 1953లో మలేరియా నివారణ కార్యక్రమం దేశంలో మొదలైనా మన్యపు జ్వరం పేరు చెబితే ఆడపిల్లనిచ్చేవారు వెనుకాడేవారు. ఇన్ని కష్టాలకు ఓర్చలేక బదిలీ కోసం తిరిగినవారు ఉన్నారు; జీతం తీసుకొని బడి ముఖం చూడనివారూ ఉన్నారు. ఉన్న సంగతి దాచి చరిత్ర వ్రాయకూడదు. కాని నిలిచినవారు నిలిచారు. ఆదివాసీ ఒరియా, కువి, కొండ, పోర్జ, గదబ మాటలు నేర్చుకొని, తెలుగు ఒక్క ముక్క రాని పిల్లవానికి ‘అ’ అంటే అమ్మ అని చెప్పేముందు వాడి ఇంట్లో అమ్మను ఏమంటారో అడిగి తెలుసుకున్నారు. కొండ భాషను గూర్చి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో ప్రకటించిన గ్రంథం పండితులకు ప్రమాణం. అయితే ఆ భాష మాట్లాడే పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొని రోజూ విన్నవారు బడిపంతుళ్లు. వారు విన్నది అచ్చు కాలేదు.

కొండ మీద పంతులు మాటకు ఎంత బరువు ఉండేదో చరిత్రలో మరొక చోట కనబడుతుంది. పార్వతీపురం ఏజెన్సీలో 1960లలో గిరిజన ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. భూమి, అప్పు, వెట్టి, తూకం అనే ప్రశ్నలతో వారి పని మొదలైంది. చివరకు తుపాకుల దారిలో నడిచి, 1970 జూలైలో ఇద్దరూ పోలీసు కాల్పులలో మరణించారు. వారి మార్గాన్ని మనం అంగీకరించము. కాని వారు చూసిన అన్యాయం కల్పితం కాదు. గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండా 1959లో చేసిన నిబంధనలను 1970లో ఒకటవ రెగ్యులేషన్ ద్వారా గట్టిపరచవలసి వచ్చిందంటే పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. ఇదే కాలంలో ఏ జెండా పట్టకుండా, నోటు చదివి పెట్టి, అర్జీ వ్రాసి పెట్టి, గిరిజన కార్పొరేషన్ డిపోలో కాటా చూసి చెప్పి ఊరిని కాపాడిన పంతుళ్లు ఎందరో ఉన్నారు.

పింఛను దయ కాదు

ఇక విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాలు ఎందుకు అవసరమయ్యాయో చూద్దాము. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయునికి యూనియన్లు ఉన్నాయి. పదవి దిగిన మరునాటి నుండి ఆయన ఒంటరి. ఆయన సర్వీసు రిజిస్టరు ఒక కార్యాలయంలో, పింఛను కాగితం ఇంకొక కార్యాలయంలో, ఖజానా మరొక ఊరిలో. భర్త పోతే భార్యకు ఏదో కొంత దక్కాలన్న కుటుంబ పింఛను నిబంధనలే మన రాష్ట్రంలో 1964లో గాని రాలేదు.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. డి. ఎస్. నకారా అనే ఆయన 1972లో రక్షణ శాఖ నుండి విరమించిన ఉద్యోగి. ఒక తేదీకి ముందు దిగినవారికి ఒక పింఛను, తరువాత దిగినవారికి ఎక్కువ పింఛను అనడం న్యాయమా అని ఆయన అడిగారు. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే బిచ్చం కాదని, చేసిన సేవకు రావలసిన హక్కని, ఒక తేదీ గీసి వృద్ధులను రెండుగా చీల్చరాదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ దినాన్నే దేశమంతటా పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. మన మండల కేంద్రాలలో డిసెంబరు 17న తలపాగాలు, చేతికర్రలు, కళ్లజోళ్లతో ఒక చోట చేరే పెద్దలు ఎందుకు చేరుతున్నారో మన యువకులకు తెలిసి ఉండాలి.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే, 1983 ఫిబ్రవరిలో, మన రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. 55 దాటిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఆ నెలాఖరున ఒక్కసారిగా ఇండ్లకు వెళ్లారు. పిల్ల పెండ్లి మూడేళ్లలో చేద్దామనుకున్నవానికి, ఇల్లు సగం కట్టినవానికి అది పిడుగుపాటే. 1984లో తిరిగి 58 చేశారు. మధ్యలో దిగిపోయినవారి సంగతి 1985లో సుప్రీంకోర్టులో తేలింది. 58 నిండనివారిని తిరిగి తీసుకోవాలని తీర్పు వచ్చింది. ఈ రెండు తీర్పులు మన పెద్దలకు ఒక సంగతి నేర్పాయి: ఒంటరిగా అర్జీ పెట్టుకుంటే మూల పడుతుంది, నలుగురు కూడి అడిగితే కదులుతుంది. తరువాత మన రాష్ట్రంలో విరమణ వయస్సు 2014లో 60కి, 2022లో 62కు పెరిగింది.

కూటములలో జరిగే పని

మైదానపు పట్టణాలలో విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాలకు స్వంత భవనాలు, గ్రంథాలయాలు ఉండవచ్చు. కొండ మీద ఆ వసతి తక్కువ. సంత రోజు, బ్యాంకు దగ్గర వరుస, బడి వరండా, ఒక్కొక్క చోట మన చర్చి ఆవరణలోని చెట్టునీడ, ఇవే కూటపు స్థలాలు. పని మాత్రం ఎక్కడైనా ఒకటే.

మొదటిది కాగితాల పని. కమ్యూట్ చేసిన పింఛను భాగం పదిహేనేళ్లు నిండాక తిరిగి కలిసిందా లేదా చూడడం, డెబ్బై దాటినవారికి అదనపు పింఛను వచ్చిందో లేదో చూడడం, ఆసుపత్రి బిల్లులు పంపించడం, పేరులో ఒక అక్షరం తేడా వలన ఆగిపోయిన కుటుంబ పింఛనును కదిలించడం. పంతులమ్మగారు గాని, పంతులుగారి భార్య గాని చదువు లేనిదైతే ఈ సహాయమే ఆమెకు అన్నం. ఏటా తాను బ్రతికే ఉన్నానని వృద్ధుడు రుజువు చేసుకోవాలి. 2014 నవంబరు నుండి జీవన్ ప్రమాణ్ పేరుతో వేలిముద్ర వేసి ఇంటి దగ్గరే ఈ పని చేసుకునే వీలు వచ్చింది. కాని సుద్దముక్క పట్టి, ఆ తరువాత నాగలి పట్టి అరిగిన వేళ్ల ముద్ర యంత్రానికి అందదు. కొండ మలుపులో సిగ్నలు అందదు. అప్పుడు ఒక తోటి పంతులు మోటారు సైకిలు ఎక్కించుకొని మండల కేంద్రానికి తీసుకొనిపోవాలి.

రెండవది పలకరింపు. జబ్బుపడినవారి ఇంటికి ఇద్దరు వెళ్లడం, చనిపోయిన ఇంట అంత్యక్రియలకు చేయి సాయం, ఆ తరువాత సంతాప సభ. కులం, మతం, పుట్టిన ఊరు ఏదైనా అందరూ వస్తారు. బగతవారు, కొండదొరలు, వాల్మీకులు, మైదానం నుండి వచ్చి ఇక్కడే స్థిరపడినవారు, హిందువులు, క్రైస్తవులు ఒకే చాప మీద కూర్చునే చోటు మన మండలాలలో మరి ఎన్ని ఉన్నాయి? ఒక పాదిరిగా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు: మన సంఘ సహవాసం నేర్చుకోవలసినది ఆ చాప మీద కొంత ఉన్నది.

మూడవది సన్మానము. డెబ్బై అయిదు, ఎనభై నిండిన వారికి శాలువ కప్పి, దండ వేసి, పాత శిష్యులను పిలిపిస్తారు. కొందరు దీనిని ఆడంబరమంటారు. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగిన మనిషికి, తన చేతి మీదుగా వెళ్లినవారు తనను మరువలేదని ఒక సాయంత్రం తెలియడంలో ఆడంబరం లేదు.

కొండ బిడ్డలే పంతుళ్లైన తరువాత

1986లోను, తిరిగి 2000 జనవరి 10న మూడవ నంబరు జీ.వో. ద్వారాను షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ ఉద్యోగాలను స్థానిక గిరిజనులకే ఇవ్వాలని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. పంతులు బడికి రాకపోవడం అనే పాత జబ్బుకు అది మందు అని భావించారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీ.వో.ను కొట్టివేసింది, అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో నిలబెట్టింది. ఈ తీర్పు కొండలలో ఎంత కలత రేపిందో మన కుటుంబాలన్నిటికీ తెలుసు. న్యాయస్థానపు మాటను ఇక్కడ తర్కించను. చరిత్రకారుడుగా ఒక్కటి చెప్పవచ్చును. ఆ ఇరవై ఏళ్లలో ఇంటి భాష, బడి భాష రెండూ వచ్చిన పంతులు మన్యంలో మొదటిసారి పెద్ద సంఖ్యలో కనబడ్డాడు. గిడుగు వారు సవర బడులలో కోరినది అదే. మార్లవాయిలో కోరినది అదే. 2004 ప్రాంతంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలలో మాతృభాషా బోధన ఆరంభించినప్పుడు వాచకాలు తయారుచేయడానికి కావలసిన మనుష్యులు అటువంటి పంతుళ్లలోనే దొరికారు.

ఆ తరంవారు ఇప్పుడు ఒక్కొక్కరుగా పదవి దిగుతున్నారు. ఇందులో ఒక చేదు సంగతి కూడా ఉన్నది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగంలో చేరినవారికి పాత పింఛను లేదు. జీతంలో కొంత కోసి, ప్రభుత్వం కొంత కలిపి మదుపు పెట్టే పథకం వచ్చింది. దాని మీద వచ్చిన ఆందోళనలకు బదులుగా 2023లో హామీ పింఛను చట్టం చేశారు. అయినా పాత పద్ధతి కావాలన్న కోరిక ఉపాధ్యాయులలో ఆగలేదు. అంటే ఒకే కూటంలో పూర్తి పింఛను ఉన్న తాతగారు, రేపు ఏమొస్తుందో తెలియని మనుమడు ప్రక్కప్రక్కన కూర్చోబోతున్నారు. పాకబడి పంతులు కాలంనాటి భయం వేరే రూపంలో తిరిగి రాకూడదు. నకారా కేసులో ఒక తేదీ వృద్ధులను రెండుగా చీల్చకూడదని చెప్పిన న్యాయం వీరి విషయంలోను గుర్తుకు రాక మానదు.

మనము చేయదగినది

ఇంత వ్రాసినందుకు ఫలితముగా సంఘస్థులను మూడు సంగతులు అడుగుతున్నాను.

మన పాస్టరేట్లలోని పాత బాప్తిస్మపు, వివాహపు రిజిస్టర్లలో మిషను బడి ఉపాధ్యాయుల సంతకాలు ఉన్నాయి. చెదలు తినకముందే ఆ పేర్లు వ్రాసి తీయించండి. ఏ ఊరు, ఏ సంవత్సరము, ఎంతకాలము, ఇంతమాత్రం వ్రాసినా చాలును. వారి వృద్ధాప్యంలో మన పెద్దలు పెట్టిన చోళ్ల గిద్ద లెక్క ఎవరూ వ్రాయలేదు. కనీసం వారి పేర్లైనా మిగలాలి.

రెండవది, ఇప్పుడు మన మధ్య ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులను సన్మానాలతో సరిపెట్టకండి. వారి నోట కువి, కొండ, పోర్జ, గదబ మాటలు ఉన్నాయి. వాటిలో వారు పిల్లలకు చెప్పిన కథలు, లెక్కలు నేర్పిన ఉపాయాలు ఉన్నాయి. మన యువజనులలో ఫోను లేనివారు లేరు. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట పెద్దాయన దగ్గర కూర్చొని ఆయన మాట రికార్డు చేస్తే అది పరిచర్యే. ఒక భాషలో చివరి పంతులు పోయిన తరువాత ఆ పని చేయాలనుకున్నా చేయలేము.

మూడవది, పదవి దిగిన మా పెద్దలకు మనవి. మీకు మోత తప్పినందుకు దేవునికి స్తోత్రం. పింఛను వ్యవహారాలు చూసుకోవడం న్యాయమే, చూసుకోండి. దానితో పాటు కొండ మీద ఇంకా పంతులు రోజూ రాని బడి ఒకటి మీ ఊరి దగ్గర ఉన్నదేమో చూడండి. వారానికి ఒక పూట మీరు అక్కడ కూర్చుంటే ఏ జీ.వో. అడ్డు చెప్పదు. ఒక పిల్లవానికి వాడి ఇంటి మాటలో ఒక అక్షరం చెప్పి రండి. రామమూర్తి పంతులుగారు 1911 తరువాత చేసినది ఇటువంటిదే. అందరము ఆయనంతవారం కాలేము గాని, ఆ దారిలో నడవగలము.

మన్యపు బడులను నిలిపిన ఉపాధ్యాయులను, పేరు తెలిసినవారినీ తెలియనివారినీ, ఈ శతవార్షికోత్సవ సమయంలో కృతజ్ఞతతో జ్ఞాపకం చేసుకుందాము. బ్రతికి ఉన్నవారికి ఆరోగ్యమును, తోడును ప్రభువు దయచేయును గాక.